పోర్చుగల్ బడితో కలిసి ప్రాజెక్టు చేద్దామంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఇంగ్లిష్ టీచర్, జడ్పీ హైస్కూల్, నల్గొండ జిల్లా)

అందరికీ నమస్తే. ఒక ఆన్‌లైన్ శిక్షణలో పోర్చుగల్ టీచర్ ఒకావిడ పరిచయమయ్యారు. లిస్బన్ దగ్గర బడి. మన ఎనిమిదో తరగతి వయసు పిల్లలకే చెబుతారు. పిల్లలతో కలిపి ఏదైనా చేద్దాం అంటున్నారు. నాకు ఉత్సాహంగానే ఉంది గానీ, మా హెచ్‌ఎం గారు "విదేశం వాళ్ళతో అంటే రేపు ఎవరన్నా అడుగుతారేమో" అని వెనకాడుతున్నారు. మా పిల్లలు ఇంగ్లిష్ చదువుతారు, మాట్లాడమంటే మాత్రం బిగుసుకుపోతారు. ఇదిలా ఉండగా ఒకాయన ఫోన్ చేసి, డబ్బు కడితే రెండు బళ్ళకూ ఒప్పందం రాయించి అంతర్జాతీయ సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు. కట్టమంటారా?

సోషల్ సార్, ఖమ్మం

కట్టకండి మేడమ్. మీకు కావలసిన టీచర్ మీకు దొరికేసింది, మధ్యలో ఆయనెందుకు? పిల్లల పని చూపించకుండా డబ్బుతో వచ్చే సర్టిఫికెట్ గోడకు మేకు దండగ.

ఆవిడ బహుశా ఈ-ట్విన్నింగ్ (బళ్ళను ఆన్‌లైన్‌లో కలిపే వేదిక) గురించి చెబుతారు. అది 2005 నుంచి ఐరోపాలో నడుస్తోంది. కానీ ఐరోపా దేశాలకూ, వాటి పొరుగున కొన్నింటికీ తప్ప మనకు వర్తించదు. మనకు అందుబాటులో ఉన్నది ఐ-ఎర్న్ అనే అలాంటి వేదిక. 1988లో న్యూయార్క్, మాస్కో బళ్ళను కలుపుతూ మొదలైంది, ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది. అయినా ఇద్దరు టీచర్లు, ఒక తరగతి, ఒక చిన్న పని అనుకుంటే ఏ వేదికా లేకుండానే చేసుకోవచ్చు.

హెచ్‌ఎం గారి భయం అర్థం చేసుకోదగ్గదే. ఒక పేజీ ఉత్తరం రాసివ్వండి: ఏ బడి, ఏ తరగతి, ఏం చేస్తారు, ఎన్నాళ్ళు, ప్రయాణం లేదు, డబ్బు లావాదేవీ లేదు. హెచ్‌ఎం గారి ద్వారా ఒక కాపీ డీఈఓ ఆఫీసుకి వెళ్ళనివ్వండి. 'డబ్బు లేదు' అన్న మాట కచ్చితంగా రాయాలి. అవతలివాళ్ళు ప్రేమగా ప్రింటర్ కొనుక్కోమని డబ్బు పంపుతామన్నా వద్దనండి, విదేశీ విరాళాల చట్టం దగ్గర చిక్కుకుంటారు.

మ్యాథ్స్ టీచర్, గుంటూరు జిల్లా

మాట్లాడమంటే బిగుసుకుపోయే పిల్లలకు ముందు అంకెలు ఇవ్వండి. మేము గ్రీస్ బడితో కలిసి నీడ కొలిచి భూమి చుట్టుకొలత లెక్కేశాం. ఖర్చు లేదు, ఇంగ్లిష్ అయిదారు వాక్యాలు చాలు.

గ్రౌండ్‌లో మీటరు కర్ర నిలువుగా పాతండి. సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో పదకొండూ ముప్పావు నుంచి పన్నెండున్నర దాకా అయిదు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర సుద్దతో గుర్తు పెట్టించండి. అన్నిటికన్నా పొట్టి నీడ తీసుకోవాలి. మీ దగ్గర దాదాపు 30 సెంటీమీటర్లు వస్తుంది, లిస్బన్‌లో 80 దాకా. అలాంటి తేడా చూడగానే మా పిల్లలూ గ్రీస్ పిల్లలూ మీరు తప్పు కొలిచారంటే మీరు తప్పు కొలిచారని ఉత్తరాలు రాశారు. అంతకుముందు వాళ్ళతో ఒక్క లైను రాయించడానికి నా తల ప్రాణం తోకకొచ్చేది!

ఎనిమిదో తరగతికి త్రికోణమితిలోని టాన్ రాదు కదా, గ్రాఫ్ పేపరు మీద కర్రనీ నీడనీ స్కేలుకి గీయించి, రెండింటి కొసలనూ గీతతో కలిపించి, కర్ర పైకొస దగ్గరి కోణాన్ని కోణమానినితో కొలిపించండి. మీకు 17 డిగ్రీలు, వాళ్ళకు 39 దగ్గర వస్తుంది. తేడా 22. రెండు ఊళ్ళ మధ్య ఉత్తర-దక్షిణ దూరం మ్యాపులో చూస్తే సుమారు 2,400 కిలోమీటర్లు. దాన్ని 360/22తో గుణిస్తే భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లకు దగ్గరగా వచ్చేస్తుంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ చేసింది ఇదే. విమానాల రూటు దూరం మాత్రం తీసుకోకండి, అది ఏటవాలుగా పోతుంది, లెక్క తప్పుతుంది.

ఆ రోజు మబ్బు పడితే టెన్షన్ వద్దు. ఇద్దరూ ఒకే రోజు కొలిస్తే చాలు, ఒకటి రెండు వారాలు అటూ ఇటూ అయినా కోణాల తేడా మారదు.

ప్రశ్న అడిగిన టీచర్

చాలా బాగుంది మేడమ్! మా సైన్స్ సార్ ఇప్పుడే కర్ర వెతకడానికి వెళ్ళారు. రెండు సందేహాలు. కొలిచేటప్పుడే వీడియో కాల్ పెట్టొచ్చా? మా పిల్లల అమ్మలు సకినాలు పంపిద్దామంటున్నారు, పార్సిల్ చేయొచ్చా?

మ్యాథ్స్ టీచర్, గుంటూరు జిల్లా

కొలిచేటప్పుడు కుదరదు. లిస్బన్‌లో ఆ రోజుల్లో సూర్యుడు ఆకాశంలో అన్నిటికన్నా పైకి వచ్చేసరికి వాళ్ళ గడియారంలో ఒకటిన్నర, మన దగ్గర సాయంత్రం ఆరు. కొలతలు ఫొటో తీసి పంపుకోండి, కాల్ తర్వాత ఒక్కసారి పెట్టుకోండి. మన మూడు గంటల పీరియడ్ అయితే వాళ్ళకు ఉదయం పదిన్నర. కానీ అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత అదే మూడు గంటలు వాళ్ళకు తొమ్మిదిన్నర అవుతుంది. మా గ్రీస్ వాళ్ళకూ ఇదే పద్ధతి. అందుకే నేను ప్రతి మెయిల్లోనూ రెండు దేశాల టైమూ రాస్తాను.

వాళ్ళ బడి సెప్టెంబరు మధ్యలో తెరుస్తారు. కాబట్టి పరిచయ ఉత్తరాలు తర్వాత, ముందు కర్ర. మన దసరా సెలవులు ఏ తేదీల్లో పడ్డాయో ఇప్పుడే చెప్పేయండి. డిసెంబరులో వాళ్ళకు క్రిస్మస్, జనవరిలో మనకు సంక్రాంతి, తర్వాత మీరు పదో తరగతి స్పెషల్ క్లాసుల్లో పడిపోతారు. నవంబరుతో ముగిసేలా పెట్టుకోండి.

సోషల్ సార్, ఖమ్మం

సకినాలు స్టాఫ్‌రూమ్‌కి పంపండి, అక్కడ కస్టమ్స్ లేదు. తిండి వస్తువులు, గింజలు, ఎండు పూలు విదేశీ పార్సిల్లో పెట్టకండి, అక్కడ ఆపేయొచ్చు. బతుకమ్మ బొమ్మలు గీసిన కార్డులు పంపండి. వస్తువులు ఏమున్నా పోస్టాఫీసులో కస్టమ్స్ ఫారం నింపాలి.

ఇంకొకటి. తల్లిదండ్రుల అనుమతి పత్రం తెలుగులోనే రాయించి సంతకాలు తీసుకోండి. ఫొటోల్లో ముఖాలు కాకుండా చేతులు, కర్ర, నీడ పడేలా తీయించండి. పూర్తి పేర్లు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోనివ్వకండి. పిల్లల మధ్య వాట్సాప్ గ్రూపు అసలొద్దు, ఉత్తరాలన్నీ మీ ఇద్దరి మెయిళ్ళ ద్వారానే వెళ్ళాలి.

ప్రశ్న అడిగిన టీచర్

ధన్యవాదాలు సార్, మేడమ్. ఉత్తరం రాసి హెచ్‌ఎం గారికి ఇచ్చాను. చదివి, "కర్ర నిలువుగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగారు.

మ్యాథ్స్ టీచర్, గుంటూరు జిల్లా

తాపీ మేస్త్రీ దగ్గర తూకం గుండు అడిగి తెచ్చుకోండి. దొరక్కపోతే దారానికి రాయి కట్టి కర్ర పక్కన వేలాడదీయండి. రెండు పక్కల నుంచి చూడాలి, ఒక పక్క నుంచి చూస్తే చాలదు.