ఐబీఎం 5151లో వేరే ట్యూబ్ వేస్తే ‘ఒరిజినల్’ అనొచ్చా?

పాతమానిటర్: నా 5151 (ఐబీఎం పాత పీసీకి వచ్చిన ఆకుపచ్చ తెర మానిటర్)లో పిక్చర్ ట్యూబ్ పోయింది. అసలుది పీ39 ఫాస్ఫర్ (తెర లోపల వెలిగే పూత), ఎక్కడా దొరకలేదు. సైజు సరిపోయిన పీ31 ట్యూబ్ వేయించా. అదీ ఆకుపచ్చే. అమ్మేటప్పుడు ‘ఒరిజినల్’ అని పెట్టొచ్చు కదా?

టెక్‌మూర్తి: కుదరదండీ. రంగు దగ్గరదగ్గరగా ఉన్నా ఆరిపోయే తీరు వేరు. 5151 తెరను సెకనుకు 50 సార్లే గీస్తుంది, అంటే మళ్ళీ గీసేలోపు 20 మిల్లీసెకన్లు. పీ31 అంటే రాగి కలిపిన జింక్ సల్ఫైడ్, మిల్లీసెకనులోపే చాలావరకు ఆరిపోతుంది, అందుకే తెర మినుకుమంటుంది. పీ39 మాంగనీస్, ఆర్సెనిక్ కలిపిన జింక్ సిలికేట్. మళ్ళీ గీసేదాకా వెలుగు నిలబెడుతుంది.

పాతమానిటర్: నాకు మినుకేం కనపడలేదే.

టెక్‌మూర్తి: తిన్నగా కాదు, ఓరకంట చూడండి.

అంబర్‌ఫ్యాన్: ఇదంతా ఎందుకు, అంబర్ (నారింజ పసుపు) తెరే కళ్ళకి హాయి.

పాతమానిటర్: మీ పీ39లో ‘డిఐఆర్’ (ఫైళ్ళ జాబితా చూపే కమాండ్) కొడితే అక్షరాలు తోకలేసుకుని పైకి పోతాయి. అంత గొప్పదైతే ఆసిలోస్కోపుల్లో (కరెంటు సిగ్నల్‌ని గీతగా చూపే పరికరాల్లో) పీ31 ఎందుకు వాడారట?

టెక్‌మూర్తి: స్కోపులో గీత కాంతివంతంగా కనపడాలి, కాబట్టి పీ31. రాడార్‌లో యాంటెనా ఒక చుట్టు తిరగడానికే సెకన్లు పడుతుంది, కాబట్టి పీ7: ముందు నీలంగా మెరిసి, తర్వాత పసుపు వెలుగు నిలిచేది. పనిని బట్టి ఫాస్ఫర్.

పాతమానిటర్: అడిగిందొకటి, చెప్పేదొకటి. మీరసలు ఒక్క సెట్టైనా బాగుచేశారా?

టెక్‌మూర్తి: బాగుచేయడం కాదు, మోసపోయా. పోయినేడు ఒకతను ‘ఒరిజినల్’ అంటే నమ్మి కొన్నా. ఇంటికి తెచ్చి కర్సర్ కదిపితే వెనక తోకే లేదు. డబ్బు అడిగితే “గ్రీనే కదా బ్రదర్” అన్నాడు.

పాతమానిటర్: అదీ సంగతి! వాడి మీద కోపం నా మీద తీర్చుకుంటున్నారు. మీలాంటివాళ్ళు పీ39, పీ39 అంటూ చచ్చిన సెట్లని అలమారాల్లో దాస్తారు. నాకైతే అది వెలగాలి.

టెక్‌మూర్తి: వెలిగించుకోండి, ఎవరొద్దన్నారు? ‘ట్యూబ్ మార్చాను, పీ31’ అని రాయడానికేం?

పాతమానిటర్: రాస్తే సగం రేటు కూడా రాదు.

టెక్‌మూర్తి: అంటే ఇంతసేపూ గొడవ రేటు గురించా?

అంబర్‌ఫ్యాన్: అందుకే అంబర్ కొనుక్కోమన్నా.

గ్రీన్‌స్క్రీన్: ట్యూబ్ మార్చిందైనా నాకు పర్లేదు అన్నా, రేటు చెప్పండి. కొరియర్ మాత్రం వద్దు, నేనే వచ్చి తీసుకెళ్తా.