ప్రయోగాల్లో ఆడ ఎలుకలనూ తప్పనిసరి చేయడం సబబేనా?

జువాలజీ_స్కాలర్:
హార్మోన్లు, మెదడు, ప్రవర్తన మీద పనిచేసేవాళ్లు 1996లో పెట్టుకున్న సంఘం సొసైటీ ఫర్ బిహేవియరల్ న్యూరోఎండోక్రైనాలజీ. వాళ్ల పత్రిక ‘హార్మోన్స్ అండ్ బిహేవియర్’ ఇంకా పాతది, 1969 నుంచి వస్తోంది. ఈ రంగంలో తెగని వాదన ఒకటుంది. 2016 నుంచి అమెరికాలో వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ నిధులు కావాలంటే ప్రయోగంలో ఆడ, మగ జంతువులు రెండూ ఉండాలి, లేదంటే గట్టి కారణం చూపాలి. ఇది ఎప్పుడో రావాల్సిందని నేనంటాను. 2011లో బీరీ, జుకర్ అనే పరిశోధకులు లెక్క తీస్తే, నాడీశాస్త్రంలో ఆడవాటితోనే చేసిన అధ్యయనం ఒకటుంటే మగవాటితోనే చేసినవి ఐదున్నర తేలాయి.

ఎలుకల_గది:
నేను ఒప్పుకోను. ఆడ ఎలుక రుతుచక్రం నాలుగైదు రోజులు. ఏ దశలో ఉందో తెలియాలంటే రోజూ ఒకే వేళకు పట్టుకుని, యోనిలోకి చుక్క సెలైన్ వదిలి, వెనక్కి లాగి, స్లైడు మీద చూడాలి. కేంద్రకం లేని పొలుసుల్లాంటి కణాలు నిండా ఉంటే ఈస్ట్రస్, అంటే జతకట్టే దశ. తెల్లకణాలు కిక్కిరిసి ఉంటే డైఈస్ట్రస్, అంటే మధ్యలో వచ్చే విరామ దశ. రోజూ అలా పట్టుకోవడమే దానికి టెన్షన్. ఒత్తిడి మీద ప్రయోగమైతే ఇంకేముంది?

జువాలజీ_స్కాలర్:
ప్రతిసారీ దశ చూడమని ఎవరన్నారండీ? 2014లో జుకర్ బృందం 293 వ్యాసాలు తిరగేసింది. దశ పట్టించుకోకపోయినా ఆడ చిట్టెలుకల కొలతల్లో హెచ్చుతగ్గులు మగవాటికన్నా ఎక్కువేమీ లేవు. మగవి మాత్రం నిలకడగా ఉంటాయా? నాలుగింటిని ఒక బోనులో పెడితే ఒకటి పెత్తనం చేస్తుంది. దాని టెస్టోస్టిరాన్ ఒకలా, దెబ్బలు తిన్నవాటిది ఇంకోలా ఉంటుంది.

మందుల_షాపు:
నిద్రమాత్ర జోల్పిడెం గుర్తుందా? 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడవాళ్లకు 10 మిల్లీగ్రాముల మోతాదును 5కు తగ్గించింది. మందు మార్కెట్లోకి వచ్చిన ఇన్నేళ్లకా!

ఎలుకల_గది:
ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు. తెల్లారేసరికి మనిషి రక్తంలో ఎంత మందు మిగిలిందన్నది అక్కడి సమస్య. ఆడ ఎలుకలు ఉండి ఉంటే ముందే తెలిసేదని చెప్పలేం. నా భయం వేరే. పదహారు ఎలుకలను ఎనిమిదేసి చేసి, ‘మగవాటిలో ఫలితం వచ్చింది, ఆడవాటిలో రాలేదు, కాబట్టి తేడా ఉంది’ అని రాసేస్తున్నారు. రెండు గుంపుల్లో వచ్చిన ఫలితాలను ఒకదానితో ఒకటి నేరుగా పోల్చకుండా ఆ మాట అనకూడదు.

గినీపిగ్:
ఇది నిజం. 1959లో ఫీనిక్స్ బృందం కడుపుతో ఉన్న గినీ పిగ్‌లకు టెస్టోస్టిరాన్ ఇస్తే, పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక మగవాటిలా తోటివాటి మీదికెక్కాయి. హార్మోన్ ఎప్పుడు తగిలిందన్నది అంత ముఖ్యం. అందుకే ఆడ, మగ అని రెండు గడులు నింపితే చాలదు. తేడా కనిపిస్తే అండాశయాలు తీసి, వాటి నుంచి వచ్చే హార్మోన్ ఎస్ట్రాడయాల్ తిరిగి ఇచ్చి, ఎందుకొచ్చిందో చూడాలి. ఈ సంఘం వాళ్లే వ్యాసాలు సమీక్షించేటప్పుడు దాన్ని పట్టుబట్టి అడగాలి.

ఎలుకల_గది:
అలా అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ అదనపు గుంపులకు గ్రాంటు కూడా పెంచమని అదే సంఘం అడగాలి.