పుర్రచెయ్యి పుట్టుకా, అలవాటా?

గోదారిగట్టు:
మా పాపకి ఐదేళ్ళు. పెన్సిలు, బంతి, స్పూను అన్నీ ఎడమచేత్తోనే. అన్నం ముద్ద ఆ చేతిలో కనిపిస్తే చాలు, మా అత్తగారు చేతిమీద ఒక్కటేస్తారు. "అలవాటే, ఇప్పుడే మానిపించాలి" అంటారు. మావారేమో పుట్టుకతో వచ్చింది పోదంటారు. ఎవరిది కరెక్టు?

ల్యాబ్‌కోటు:
మీవారిదే. కడుపులో ఉండగా స్కానింగులో బొటనవేలు చీకుతూ కనిపించిన 75 మంది పిల్లల్ని బెల్‌ఫాస్ట్ పరిశోధకులు పది పన్నెండేళ్ళ వయసులో మళ్ళీ చూశారు. 2005లో వచ్చిన పేపరు. కుడివేలు చీకిన 60 మందిదీ కుడిచేతి వాటమే. కడుపులో అత్తగారు లేరు కదండీ!

రచ్చబండ:
సగమే చెప్పారు సార్. ఎడమవేలు చీకిన 15 మందిలో ఐదుగురు కుడిచేతి వాటానికి వచ్చేశారు. దాని సంగతేంటి? కవలల మీద చేసిన లెక్కల్లో జన్యువుల వాటా పాతిక శాతం దగ్గరే ఆగింది. మిగతాది పెంపకమేగా?

ల్యాబ్‌కోటు:
అక్కడే పొరపాటు. జన్యువు కానిదల్లా సమాజం కాదు. అవే లెక్కల్లో ఒకే ఇంట్లో పెరగడం వల్ల వచ్చిన తేడా దాదాపు సున్నా. గర్భంలో మెదడు ఎదిగేటప్పుడు యాదృచ్ఛికంగా పడే చిన్న తేడాలు కూడా ఆ మిగతాలోనే ఉంటాయి.

కుడిఎడమ:
నన్ను మార్చేశారండీ. రెండో క్లాసులో మాస్టారు ఎడమచేతి వేళ్ళమీద స్కేలు నిలబెట్టి కొట్టేవారు. ఇప్పుడు 46 ఏళ్ళు. రాసేది, తినేది కుడిచేత్తోనే. బెండకాయలు కోసేది, సుత్తి పట్టేది, రాయి విసిరేది మాత్రం ఎడమచేత్తో. వాటిమీద ఎవరి కన్నూ పడలేదు, మిగిలిపోయాయి. గుళ్ళో ప్రసాదం దగ్గర ఈరోజుకీ ముందు ఎడమచెయ్యే లేస్తుంది, గబుక్కున వెనక్కి లాక్కుంటా.

రచ్చబండ:
అంటే సమాజం గెలిచినట్టేగా?

కుడిఎడమ:
కాపలా కాసినంత మేర గెలిచింది. గోదారిగట్టు గారూ, అన్నం కుడిచేత్తో తినడం కొట్టకుండా నేర్పితే నేర్చుకుంటుంది, అదేం పెద్ద గొడవ కాదు. పెన్సిలు జోలికి మాత్రం ఎవర్నీ వెళ్ళనివ్వకండి.

రచ్చబండ:
పెన్సిలు విషయంలో నేనూ ఒప్పుకుంటా. సచిన్ ఎడమచేత్తో రాస్తాడు, బ్యాటింగ్ కుడిచేత్తో. అత్తగారికి ఆ ముక్క చెప్పి చూడండి.

గోదారిగట్టు:
చెప్తా, ఆవిడ మ్యాచ్ ఒక్కటీ వదలరు. అన్నట్టు ఎడమచేతి కత్తెర ఎక్కడైనా దొరుకుతుందా? బళ్ళో ఇచ్చిన కత్తెరతో పాపకి కాగితం తెగట్లేదు, మడత పడిపోతోంది. కత్తిరించడం రాని పిల్లల్లో పాప పేరు రాసేశారు.