అప్‌డేట్: తెన్నేటి పార్కు రాళ్ల మీది చిట్టి నత్త ఏదో తేలింది

విశాఖ తెన్నేటి పార్కు కింద, అలలు అందని ఎత్తులో రాళ్ల పగుళ్లలో గుంపుగా అతుక్కున్న సెంటీమీటరు నత్తలేమిటని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా. నెరిటా అనే సముద్రపు నత్త అనుకున్నాను, తప్పు. మీరన్నట్టే ఆదివారం ఆటు సమయంలో వెళ్లి మూత (నత్త లోపలికి ముడుచుకున్నప్పుడు గుల్ల నోటిని మూసేది) చూశాను. నెరిటా మూత సున్నంతో గట్టిపడి ఉంటుంది, గుల్ల గుండ్రంగా, నోటి దగ్గర చదునైన తెల్లటి గట్టుతో ఉంటుంది. వీటి మూతేమో పల్చగా, గోధుమరంగులో, గోరులా ఉంది. గుల్ల కొస మొనదేలి ఉంది. అంటే ఇవి పెరివింకిల్ అనే సముద్రపు నత్తలు, లిట్టోరినిడే కుటుంబం.

కదలకపోతే చచ్చాయనుకున్నా! ఎండకు మూత బిగించి, గుల్ల అంచును జిగురుతో రాతికి అంటించుకుంటాయట. డబ్బాలో సముద్రపు నీళ్లు పోయగానే కొమ్ములు బయటపెట్టాయి. కాసేపటికి గోడెక్కి నీళ్ల పైకొచ్చేశాయి. తీసిన రాతి మీదే మళ్లీ వదిలేశాను.