మానిటరింగ్ డేటా: ఒకచోటికి పంపాలా, అడిగినప్పుడే కలపాలా?

నాలుగు_క్లస్టర్లు
మావి నాలుగు క్లస్టర్లు (సర్వర్ల గుంపులు), ఒక్కోదాంట్లో ఒకే కొలతల్ని సేకరించి దాచే ప్రొమీథియస్‌లు రెండేసి. గ్రాఫులు చూపించే గ్రఫానాలో వేర్వేరు డేటా సోర్సులుగా పెట్టుకుని నెట్టుకొస్తున్నాం. మొత్తం ఎర్రర్లు ఎన్నని ఎవరైనా అడిగితే నాలుగు చోట్ల చూసి కూడుకోవాలి. థానోస్ అనే టూల్ పెట్టి అడిగినప్పుడే కలుపుదామని కొందరు, రిమోట్ రైట్‌తో (ప్రొమీథియస్ తన కొలతల్ని ఎప్పటికప్పుడు బయటికి పంపే పద్ధతి) అంతా మిమిర్ అనే కేంద్ర స్టోర్‌లోకి పంపేద్దామని కొందరు. మీరైతే ఏం చేస్తారు? ఎందుకు?

కేంద్రపక్షం
పంపేయండి. అడిగినప్పుడు కలపడమంటే నాలుగింట్లో ఏది నెమ్మదో దాని వేగమే మీ డ్యాష్‌బోర్డ్ వేగం. ఇంకో సంగతి. ప్రొమీథియస్ పక్కనే నడిచే థానోస్ సైడ్‌కార్, 2 గంటల డేటా ఒక బ్లాక్‌గా తయారయ్యాకే దాన్ని ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కి ఎక్కిస్తుంది. క్లస్టర్ డిస్కులతో సహా పోయిందనుకోండి, ఇంకా ఎక్కని ఆ చివరి డేటా కూడా పోతుంది. ఎందుకు పడిపోయిందో చెప్పాల్సింది అదే కదండీ!

రాత్రి_డ్యూటీ
డిస్కు మాట నిజమే, కాదనను. మరి ఆ కేంద్రమే పడిపోతే? మేం అన్నీ ఒకచోటికే పంపేవాళ్లం, అలర్ట్ రూల్స్ కూడా అక్కడే. ఒక రాత్రి అక్కడ స్టోరేజ్ నిండి ఆగిపోయింది. క్లస్టర్లన్నీ నడుస్తూనే ఉన్నాయి, మాకే ఏదీ కనబడదు, ఒక్క అలర్టూ రాదు. తేరుకునేసరికి మూడు గంటలు దాటింది. రిమోట్ రైట్ అవతలి వైపు 2 గంటలకు మించి అందకపోతే పంపని డేటా పోతుంది. ఆ రాత్రి గ్రాఫులో ఇప్పటికీ ఖాళీ ఉంది. అందుకే నా ఓటు థానోస్‌కి.

అయితే ఇంతకంటే ముందు తేల్చుకోవాల్సింది జంట ప్రొమీథియస్‌ల లెక్క. రెండూ ఒకే కౌంటర్‌ని (పెరుగుతూనే పోయే లెక్క, ఉదాహరణకు వచ్చిన రిక్వెస్టులు) చదువుతాయి. మొదటిదాని గడియారం కొన్ని సెకన్లు ముందుందనుకోండి. అది 1,040 చదివింది, కాస్త ఆగి రెండోది 1,043 చదివింది. రెండింటినీ ఒకే వరుసగా కలిపితే గడియారం తేడా వల్ల 1,043 ముందు, 1,040 తర్వాత పడతాయి. విలువ తగ్గింది కాబట్టి ప్రాసెస్ రీస్టార్ట్ అయి సున్నా నుంచి 1,040కి చేరిందని, పెరిగే వేగం లెక్కకట్టే రేట్ ఫంక్షన్ అనుకుంటుంది. ఉన్న తేడా మూడు రిక్వెస్టులు, లెక్కలోకి వచ్చేది వెయ్యికి పైగా, గ్రాఫులో పెద్ద శిఖరం! అందుకే థానోస్ రెండింటినీ జడలా అల్లదు. ఒకదాన్నే పట్టుకుని నడుస్తుంది, అందులో ఖాళీ వస్తేనే రెండోదానికి మారుతుంది. జంటలో ఏది ఏదో చెప్పే రెప్లికా లేబుల్ ఏదో, జవాబులు కలిపే థానోస్ క్వెరియర్‌కి మీరే చెప్పాలి. చెప్పకపోతే ప్రతి సిరీస్ (ఒక కొలత వరుస) రెండుసార్లు వచ్చి మొత్తం రెట్టింపవుతుంది.

కేంద్రపక్షం
ఆ పని మిమిర్ కూడా చేస్తుంది, అదీ డేటా లోపలికి వచ్చేచోటే. సెట్టింగ్ ఆన్ చేస్తే ఒక రెప్లికానే తీసుకుంటుంది, దాని నుంచి 30 సెకన్లు ఏమీ రాకపోతే రెండోదానికి మారుతుంది. నా భయం వేరే. థానోస్‌లో ఒక క్లస్టర్ అందకపోయినా మిగతా మూడింటి జవాబు వచ్చేస్తుంది. చూసేవాడికి ట్రాఫిక్ పావు వంతు తగ్గినట్టు కనిపిస్తుంది.

రాత్రి_డ్యూటీ
ఔను, అది ప్రమాదమే. హెచ్చరిక వస్తుంది గానీ హడావుడిలో ఎవరూ చూడరు. అందుకే అలర్ట్ రూల్స్‌ని ఏ క్లస్టర్‌వి ఆ క్లస్టర్ ప్రొమీథియస్‌లోనే ఉంచాలంటాను. అన్ని క్లస్టర్లకూ కలిపి చూడాల్సిన ఒకటి రెండు మాత్రమే, రూల్స్ నడిపే థానోస్ రూలర్‌లో పెట్టండి. సగం జవాబు వస్తే అది మామూలుగా రూల్‌ని ఆపేసి ఎర్రర్ చూపిస్తుంది.

బకెట్ల_లెక్క
ఏది పెట్టినా సరే, నాలుగు క్లస్టర్ల పీ99లకు (వందలో 99 రిక్వెస్టులు ఎంత సమయంలోపు పూర్తయ్యాయో చెప్పే అంకె) సగటు మాత్రం తీయకండి. అర్థం లేని అంకె వస్తుంది. ముందు హిస్టోగ్రామ్ బకెట్లను (ఎంత సమయంలోపు ఎన్ని రిక్వెస్టులు పూర్తయ్యాయో చెప్పే లెక్కలు) కూడి, ఆ మొత్తం మీద పీ99 లెక్కకట్టాలి.

నాలుగు_క్లస్టర్లు
ఇప్పుడే కాన్ఫిగ్ తెరిచి చూశాను. జంటలో రెండు ప్రొమీథియస్‌లకూ ఎక్స్‌టర్నల్ లేబుళ్లు (డేటా బయటికి వెళ్లేటప్పుడు అంటించే గుర్తులు) అచ్చం ఒకేలా ఉన్నాయి, ఏది ఏదో చెప్పే గుర్తే లేదు. థానోసా మిమిరా అన్నది సోమవారం తేలుస్తాం, ఈ రెప్లికా లేబుల్ మాత్రం ఈరోజే పెడుతున్నాను.