నెట్ స్లో అయితే ముందు రౌటర్ మార్చాలా, లైన్ చూడాలా?

కావలి వాసి:
మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. హాల్లో బాగానే వస్తుంది. వెనక గదిలో పాప ఆన్‌లైన్ క్లాసు పెట్టుకుంటే మాత్రం వీడియో ఆగిపోతోంది. కేబుల్ అబ్బాయి కొత్త రౌటర్ కొనమంటున్నాడు, మా బావేమో కనెక్షనే మార్చెయ్యమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఒంగోలు వాసి:
రౌటర్ కొనేయండన్నా. కనెక్షన్‌తో ఇచ్చే డబ్బాల్లో కొన్నింటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ ఒక్కటే ఉంటుంది, వీధిలో చాలామంది వైఫై దాని మీదే. 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్నది తెచ్చుకుంటే ఆ గొడవ ఉండదు.

వేదాయపాళెం, నెల్లూరు:
తొందరపడి డబ్బులు పెట్టించకండి. లైన్ తేవడం ఒక పని, ఇంట్లో వైఫై పంచడం ఇంకో పని. రెండూ ఒకే డబ్బా చేస్తుంటే తప్పు ఎక్కడుందో తెలియదు. ల్యాప్‌టాప్‌ను లాన్ వైరుతో (నెట్ కేబుల్) నేరుగా డబ్బాకు పెట్టి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి స్పీడ్ చూడండి. రెండుసార్లూ 90 దాటితే లైన్ మంచిదే. వైరు మీదే రాత్రిపూట పడిపోతుంటే అది ఆపరేటర్ తేల్చాల్సిన విషయం, ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా మారదు.

డబ్బా మీది లైట్లు కూడా చూడండి. పాన్ (PON) లైటు, అంటే ఫైబర్ లైన్ కలిసిందని చూపేది, నిలకడగా వెలగాలి. ఎల్ఓఎస్ (LOS) అని రాసిన లైటు ఎర్రగా ఉంటే ఫైబర్‌లో వెలుతురే రావడం లేదని అర్థం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు లాగా తీగ ఎక్కడో తెగితే ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు. డబ్బా దాకా వచ్చే ఆ సన్న తీగ కిటికీ రెక్క కింద నలిగిందేమో ఒకసారి చేత్తో తడిమి చూడండి. ఒక్క మాట, వెనక ఉన్న రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చకండి. లాగిన్ సెట్టింగులన్నీ పోతాయి, మళ్ళీ ఆ అబ్బాయి వచ్చేదాకా నెట్ ఉండదు.

ఒంగోలు వాసి:
లైన్ బాగానే ఉందనుకుందాం. అప్పుడైనా రౌటరేగా?

వేదాయపాళెం, నెల్లూరు:
5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువే కానీ గోడలు దాటడంలో 2.4 కంటే బలహీనం. మధ్యలో రెండు గోడలుంటే కొత్తది హాల్లో పెట్టినా వెనక గదికి ఒరిగేదేమీ లేదు. గుమ్మం పక్కగా క్లిప్పులు కొట్టి లాన్ వైరు లాగండి. ఇంట్లో పాత రౌటర్ ఉంటే వెనక గదిలో పెట్టి, దానికి వేరే ఐపీ అడ్రస్ ఇచ్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లకు ఐపీ అడ్రసులు పంచే సెట్టింగ్) ఆపి, లాన్ పోర్టులోనే వైరు పెట్టండి. ఖర్చు వైరుదే.

ఒంగోలు వాసి:
అద్దె ఇంట్లో మేకులు కొట్టనివ్వరండీ. మెష్ (ఒకే వైఫైని ఇల్లంతా పంచే రెండు మూడు డబ్బాలు) పెట్టుకోవచ్చుగా.

వేదాయపాళెం, నెల్లూరు:
వైరు లేని మెష్ కూడా ఆ గోడల్లోంచే రావాలి. రెండో డబ్బాను దారి మధ్యలో పెట్టగలిగితే సరే.

కావలి వాసి:
ఇప్పుడే చూశాను. వైరు మీద 94 వచ్చింది, వెనక గదిలో ఫోన్‌లో 9. డబ్బా టీవీ వెనక, చెక్క అల్మరాలో ఉంది.

ఒంగోలు వాసి:
అయితే ముందు దాన్ని అల్మరాలోంచి తీసి ఎత్తులో పెట్టి చూడండి. అప్పటికీ కుదరక, అది 2.4 ఒక్కటే ఉన్న డబ్బా అయితే నా మాట నాదే.