హెడ్‌లైటు బంపర్లోకి దిగడం డిజైనా, దండగా?

పెనుకొండ పిల్లోడు:
ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చినాక మన పక్క కార్ల ముచ్చట్లు ఎక్కువైనాయి కాబట్టి అడుగుతాండా. 2019లో టాటా హారియర్ వచ్చినప్పటి నుంచి చూడండి. పైన బానెట్ అంచున సన్నటి డీఆర్‌ఎల్ (పగలు కూడా వెలిగే లైటు) గీత, అసలు లైటేమో కింద బంపర్లో. వెనక ఈ చివర నుంచి ఆ చివరికి ఎర్ర పట్టీ. కారా, పెండ్లి పందిరా ఇది?

టింకరింగ్ షెడ్డు, అనంతపురం:
అందం సంగతి నాకొద్దప్పా. లైటు అంత కింద ఉంటే బైకు తగిలినా బంపరుతో పాటే పోతాది. ఎల్‌ఈడీ కాబట్టి బల్బు మార్చి పంపేది లేదు, చానా బండ్లకు సెట్టు మొత్తం మార్చాల్సిందే. ఇంక ఆ మెరిసే నల్ల ప్లాస్టిక్కు ఉంది సూడు, దుమ్ము మీద గుడ్డ పెట్టి తుడిస్తే చాలు, గీతలే గీతలు. మన ఊరి దుమ్ములో అది ఎవురికి పనికొస్తాదో!

కడప కుర్రోడు (డిజైన్ చదువుతున్నా):
అన్నా, అంతా షోకే అనుకోవద్దు. బండి మనిషిని గుద్దితే తల బానెట్ మీద పడుతుంది. కింద ఇంజను తగలకుండా సందు ఉండాలి, పాదచారుల రక్షణ నిబంధనల వల్ల బానెట్లు ఎత్తు పెరగడానికి అదొక కారణం. దానికి తోడు జనాలకు ఎస్‌యూవీ మోజు. అంత ఎత్తులో హెడ్‌లైటు పెడితే ఎదుటోడి కళ్లలో కొడుతుంది, అందుకే దించినారు.
ఇంకోటి, 2006 బడ్జెట్ నుంచి నాలుగు మీటర్లలోపు చిన్న కార్లకు పన్ను తక్కువ. కియా సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. ముక్కు ముందుకు సాగదీసే వీల్లేదు, అందుకే మొహం నిలువుగా పెరిగింది. ఆ ఖాళీని గ్రిల్లుతో, లైట్లతో నింపుతారు. కంపెనీ గుర్తు కూడా అక్కడే. ఆడి నుంచి పేరు తెచ్చుకున్న పీటర్ ష్రేయర్ 2006లో కియాకు వచ్చి 'టైగర్ నోస్' గ్రిల్లు పెట్టించింది అందుకే.

కర్నూలు పెద్దాయన:
సరే నాయనా, మరి పైకప్పు వెనక్కి వాలుగా పెట్టమని ఏ నిబంధన చెప్పింది? 2008లో బీఎండబ్ల్యూ ఎక్స్6తో ఊపందుకున్న మోజు, 2024లో టాటా కర్వ్, సిట్రోయెన్ బసాల్ట్‌లతో మన రేటుకు దిగింది. వెనక అద్దం పడుకున్నట్టుంటే ఎండంతా లోపలికే. అద్దాల సన్‌రూఫ్ ఒకటి దాని మీద! మే నెలలో కర్నూల్లో దాని పరదా తీసే మొనగాణ్ణి నేనింకా చూడలేదు.

కడప కుర్రోడు:
సన్‌రూఫ్ మాట ఒప్పుకుంటా పెద్దాయనా. అది డిజైనర్ల కన్నా అమ్మేవాళ్ల కోరిక.

టింకరింగ్ షెడ్డు, అనంతపురం:
తమ్ముడూ, లైటు దించక తప్పదన్నావు, దించినారు. బంపర్ అంచునే పెట్టమని ఎవురు చెప్పినారు? నాలుగు వేళ్లు లోపలికి జరిపి, ముందర గట్టి రబ్బరు పెడితే చిన్న దెబ్బకు సెట్టు మిగుల్తాది కదా?

కడప కుర్రోడు:
జరపొచ్చు అన్నా. కాకుంటే లోతు కావాలి, నాలుగు మీటర్లలో ఆ లోతు కూడా లెక్కే. రబ్బరు పెడితే షోరూంలో పాత మోడల్‌లా కనిపిస్తుందని భయం.

టింకరింగ్ షెడ్డు, అనంతపురం:
అట్లయితే కొనేవాళ్లు బుకింగ్‌కు ముందే హెడ్‌లైటు సెట్టు రేటు అడిగి రాయించుకోండప్పా. ఇన్సూరెన్సులో జీరో డెప్ (పార్టు పాతదని క్లెయిములో డబ్బు కోయని అదనపు కవరు) ఉందో లేదో కూడా చూసుకోండి.